బేచిరాకు అనే రకం

నా ఉద్యోగంలో సగం బస్సు కిటికీ పక్కనే జరిగింది. ఎమ్మిగనూరులో ఎక్కి కిటికీకి తల ఆనిస్తే, ఆదోని వచ్చేదాకా నేను నిద్రలో ఉన్నానో మెలకువలో ఉన్నానో కండక్టరుకే తెలియాలి. నల్లరేగడి చేలు వెనక్కి పోతుండేవి. ముందురోజు ఎంత పీకినా విడిపోని చిక్కు ఏదో ఆ తూగులో తనంతట తనే విడిపోయేది. ఆఫీసులో పిల్లలు నా వెనకాల నన్ను 'తూగు సారు' అనేవాళ్లు. ముందర అనడానికి కూడా పెద్దగా మొహమాటపడేవాళ్లు కాదు.

హైదరాబాదులో చాన్నాళ్లు పెద్ద కంపెనీల్లో ప్రోగ్రాములు రాసి, చివరి కొన్నేళ్లు సొంత తావుకి వచ్చి ఆదోనిలో ఒక చిన్న ఆఫీసులో చేరాను. అక్కడే రిటైరయ్యాను. ఇప్పుడు మీలాంటి పిల్లలు ఎవరైనా ఇంటికి వచ్చి, కంప్యూటరు తెరిచి, "ఈ తప్పు జరగనే జరగదు సార్, టైపులోనే కట్టేశాను" అని మురిసిపోతూ చూపిస్తారు. అప్పుడు నాకు ఒక ఊరు గుర్తుకొస్తుంది. ఆ ఊరి సంగతే చెప్తాను. ఉపదేశం అనుకోకండి. ఉపదేశం చేసేంత మెలకువ నాకెప్పుడూ లేదు.

మా ఆఫీసు పత్తి మిల్లుకు ఆనుకుని ఉన్న మేడ మీద ఉండేది. సీజనులో కిటికీ తెరిస్తే దూది నలుసులు వచ్చి కీబోర్డుల మీద వాలేవి. ఓనరు ఆదోని మనిషే, సాయిబు. నాకంటే చాలా చిన్నవాడు, నన్ను 'అన్నా' అనేవాడు. తుంగభద్ర ఒడ్డు ఊళ్లకు వరద కబురు చెప్పే ప్రోగ్రాము రాసే పని ఒకటి అతను సంపాదించుకొచ్చాడు. పైన ఏట్లో నీటిమట్టం కొలిచే యంత్రం ఉంటుంది. నీళ్లు గీత దాటగానే మా ప్రోగ్రాము ఒడ్డున ఉన్న ప్రతి ఊళ్లో మైకు మోగించాలి, ఊరి తరఫున పేరిచ్చిన మనిషికి ఫోను చేయాలి, కబురు అందిందో లేదో తెర మీద చూపాలి. అందితే ఆ ఊరి వరుస పచ్చగా, అందకపోతే ఎర్రగా. వానలు మా దగ్గర కురవకపోయినా ఏరు మాత్రం వస్తుంది. ఎక్కడో పడమటి కొండల్లో కురిసిన వాన, ఇక్కడ ఆకాశం నీలంగా మెరుస్తుండగా, మన గడప ముందుకు వచ్చి నిలబడుతుంది. నాకు అదొక కలలాగే ఉండేది.

ఈ పనిలో నాకు తోడు ఒక అమ్మాయి. నందవరం అవతల ఏటి ఒడ్డు పల్లె ఆమెది. కర్నూలులో ఇంజనీరింగు చదివి మా దగ్గర చేరింది. చురుకైంది, తిక్కది కూడా. నా కోడులో ఎక్కడైనా "ఇక్కడ ఏదో ఒకటి అవుతుందిలే" అన్నట్టు వదిలేసిన చోటు కనబడితే కుర్చీ నా వైపు తిప్పేది. "ఇదేంది సార్, ఈడ గూడా తూగినారా?" అని అడిగేది. కోపం వచ్చేది కాదు. అడిగేవాళ్లు పక్కన ఉంటే తూగేవాడికి ధైర్యం.

మేం వాడిన భాష గురించి రెండు మాటలు చెప్పాలి, లేకపోతే కథ నడవదు. ఆ భాషలో ఏ పని చేయమన్నా అది మనకు రెండరల డబ్బా తిరిగిస్తుంది. పని అయితే ఫలితం మొదటి అరలో ఉంటుంది. కాకపోతే ఎందుకు కాలేదో ఆ కారణం రెండో అరలో ఉంటుంది. ఏ అరలో ఎలాంటివి పడొచ్చో మనం ముందే చెప్పాలి. అలా చెప్పడాన్నే టైపు అంటాం, రకం అనుకోండి. ఫోను ఎత్తలేదు, సిగ్నలు లేదు, మైకు చెడిపోయింది అని రెండో అరకు కారణాలు రాశామంటే, ఒక్కో కారణానికి ఏం చేయాలో కూడా రాయాలి. రాసేదాకా, తప్పులు పట్టే కంపైలరు మన ప్రోగ్రామును గడప దాటనివ్వదు.

అయితే కొన్ని పనులకు తప్పు జరిగే వీలే ఉండదు. వాటి రెండో అరకి ఒక విచిత్రమైన రకం ఇస్తాం. దానికి పేరుంటుంది, అందులో పడే వస్తువు మాత్రం ఒక్కటీ ఉండదు. ఖాళీ అరలో అయినా రేపు ఏదో ఒకటి పెట్టుకోవచ్చు. ఇందులో పెట్టడానికి లోకంలో ఏమీ లేదు. ఆ రకం కనబడితే కంపైలరు, ఈ దారిన ఎవరూ రారని నమ్మి, ఇక ప్రశ్నలు వేయదు. జరగని తప్పును జరగనిదని రుజువుతో సహా రాసుకునే పద్ధతి అది. కుర్రతనం నుంచీ నాకు ఆ రకమంటే ఒక మోహం.

ప్రోగ్రాము పరీక్షకు పెట్టినప్పటి నుంచి ఒక ఊరు మమ్మల్ని ఏడిపించడం మొదలుపెట్టింది. రెవెన్యూ వాళ్లిచ్చిన ఊళ్లలో అదొకటి. మైకు లేదు, ఫోను నంబరు లేదు. కబురు పంపిన ప్రతిసారీ అందలేదని ఎర్రగా వెలిగేది. సర్కారు కంట్రోలు రూములో ఆ తెర చూస్తూ కూర్చునేవాళ్లకు అది అలవాటైపోయింది. "ఒక ఎరుపు ఎప్పుడూ ఉండేదే" అని, ఒక పరీక్షలో నిజంగా ఫోను ఎత్తని ఊరిని కూడా పట్టించుకోకుండా వదిలేశారు. అది ప్రమాదం. ఆ ఎరుపు పోవాలి.

ఊరి పేరు పక్కన 'బేచిరాకు' అని ఒక మాట ఉంది. ఆ అమ్మాయి తెర మీద వేలు పెట్టింది.

"సార్, ఇది మాదే. మా పాత ఊరు. మా అవ్వ కాపరానికి వచ్చింది ఆడికే. ఎప్పుడో ఏరు పొంగి ఊరంతా మునిగిపోతే, అందరూ పక్కన పారే వంక దాటి మెరక మీదికొచ్చి కొత్తూరు కట్టుకున్యారంట. మేముండేది కొత్తూర్లో."

"ఇప్పుడు పాత ఊళ్లో ఎవరూ ఉండరా?"

"ఎవురుంటారు సార్? మొండిగోడలు, కంపచెట్లు. పీర్ల సావిడి ఒకటి నిలబడుకోనుండాది. కుక్క గూడా ఉండదు."

అప్పుడే టీ తాగుతూ వచ్చిన ఓనరు తెరలోకి తొంగిచూసి నవ్వాడు. "బే అంటే లేకుండా. చిరాగ్ అంటే దీపం. దీపం పెట్టే దిక్కు లేని ఊరన్నా. నవాబుల కాలంలో రాసిన మాట. ఊరు పోయినా మా ఉర్దూ మాట మాత్రం మీ రెవెన్యూలో ఇంకా నౌకరీ చేస్తాంది సూడు."

పేరుంది, హద్దులున్నాయి, సర్వే నంబర్లున్నాయి, మనిషి లేడు. ఆ అమ్మాయి కళ్లు మెరిశాయి. నావీ మెరిసే ఉంటాయి. మా భాషలోని ఆ విచిత్రమైన రకం, మా జిల్లా రెవెన్యూ వాళ్ల దగ్గర ఎప్పటినుంచో పడి ఉందన్నమాట. ఆమె ఆ పూటే ఆ రకానికి 'బేచిరాకు' అని పేరు పెట్టి, పాత ఊరి రెండో అరలో దాన్ని కూర్చోబెట్టింది.

"మనుషులే లేని ఊర్లో కబురు అందని మనిషి ఉంటాడా సార్? ఉంటే ఒక్కర్ని సూపించమనండి," అంది.

చూపించలేం. తర్కం ప్రకారం, ఎవరూ లేని ఊళ్లో అందరికీ చెప్పేసినట్టే లెక్క. కంపైలరు ఒప్పుకుంది. ఎరుపు పోయి పాత ఊరు పచ్చగా వెలిగింది, ఇక ఎప్పటికీ పచ్చగానే ఉంటుంది. ఆ సాయంత్రం బస్సులో తూగుతూ నేను ఆ ఊళ్లో నడిచాను. పైకప్పుల్లేని ఇళ్ల మధ్య వీధులు శుభ్రంగా ఉన్నాయి. ప్రతి గుమ్మం ముందూ ఆగి, "ఏరొస్తోంది" అని చెప్పుకుంటూ పోయాను. ఎవరూ లేరు కాబట్టి ఎవరూ వినలేదని అనుకునే అవసరమే రాలేదు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

అందులో పొరపాటేమీ లేదు, అప్పటికి. మేం అడిగింది ఎవరుంటారు అని. ఆమె చెప్పింది నిజం.

ఆ ఏడు పీర్ల పండుగ, అదే మొహర్రం, ఏరు నిండుగా పారే కాలంలో వచ్చింది. మీలో పట్నాల్లో పెరిగినవాళ్లకు తెలియకపోవచ్చు, ఆ పండుగ చంద్రుడి నెలల లెక్కన ఏటేటా కొంచెం కొంచెం వెనక్కి జరుగుతుంది. ఆ అమ్మాయి చిన్నతనంలో అది చలిరోజుల్లో వచ్చేది, ఏరు ఇసకగా పడుకుని ఉన్నప్పుడు. తర్వాత ఆమె చదువుకు వెళ్లిపోయింది. ఆ మధ్య కొన్నేళ్లు జబ్బుల కాలమని పండుగ సరిగ్గా జరగనూ లేదు. పండుగ మాత్రం ఎవరికీ చెప్పకుండా నడుచుకుంటూ వానాకాలంలోకి వచ్చేసింది.

"సార్, రేపు మా పీర్లు జల్దికి పోతాయి. సెలవు మింద ఇంకో రెండ్రోజులు లీవు కావల్ల. ఈసారి రాకపోతే మా అవ్వ నన్ను ఇంట్లోకి రానియ్యదు," అంది.

జల్ది అంటే చివరి రోజున పీర్లను నీళ్ల దగ్గరికి తీసుకుపోవడం. మా వైపు హిందువులు, సాయిబులు, కిరస్తానీలు అందరూ పీర్ల వెంట నడుస్తారు. మలీదు తెస్తేనే లీవు అన్నాను. బెల్లంతో చేసే ఆ ముద్దలంటే నాకు ప్రాణం. తెస్తానని నవ్వుతూ వెళ్లింది.

పండుగ రోజు ఆఫీసుకు సెలవు. ఏటి కాలం కాబట్టి ఒకరు మాత్రం కూర్చోవాలి. నేనే కూర్చుంటానన్నాను. తూగడానికి ఇల్లయితేనేం, ఆఫీసయితేనేం. మధ్యాహ్నమంతా ఎండ కాసింది. పొద్దు వాలే వేళకు పైన యంత్రం నీళ్లు గీత దాటాయని చెప్పింది. ప్రోగ్రాము తన పని తను మొదలుపెట్టింది. ఏటికి పైన మాధవరం వైపు ఊళ్ల నుంచి వరుసగా ఒక్కొక్కటీ పచ్చబడుతూ కిందికి దిగింది. ఒకటి రెండు ఎర్రబడితే కంట్రోలు రూము వాళ్లు మళ్లీ ఫోను చేశారు, అవీ పచ్చబడ్డాయి. తెర నిండా పచ్చదనం. ఆ ఏడు చేలల్లో కూడా అంత పచ్చదనం లేదు. నాకు కళ్లు మూతలు పడ్డాయి.

కింద వీధిలో తప్పెట్లు మోగాయి. కిటికీలోంచి చూశాను. ఆదోని పీర్లు పోతున్నాయి. వెండి పంజాలు, వాటికి కట్టిన ఎర్రటి, పచ్చటి గుడ్డలు, ఊదు పొగ. ఆ పొగ మెల్లగా మా మేడ దాకా లేచి వచ్చింది. నేను సగం నిద్రలో వాటి వెంట నడుస్తున్నాను. ఇవి ఏ నీళ్లకు పోతాయో అనుకున్నాను. చెరువుకు పోతాయి కాబోలు. మరి ఆ అమ్మాయి వాళ్ల పీర్లు? మెరక మీద ఊరు, చెరువు లేదు. ఏటికే పోవాలి. ఏటికి పోవాలంటే వంక దాటాలి. వంక దాటితే వచ్చేది పాత ఊరు. అక్కడ నిలబడి ఉన్నది పీర్ల సావిడి.

నా జీవితంలో అంత మెలకువ ఎప్పుడూ రాలేదు.

తెర వైపు తిరిగితే పాత ఊరు పచ్చగా వెలుగుతోంది. వెలగదా మరి, వెలగకుండా ఉండే దారి మేమే మూసేశాం. ఏరు పెరిగితే ముందు వంకలోకి నీళ్లు వెనక్కి ఎగదన్నుతాయి. వంక నిండిందంటే పాత ఊళ్లో ఉన్నవాళ్లకు తిరిగివచ్చే దారి లేదు. ముందు ఏరు, వెనక వంక.

ఆ అమ్మాయికి ఫోను చేశాను. కలవలేదు. ఆ పల్లంలో సిగ్నలు అందదని ఆమే ఒకసారి చెప్పింది. ఓనరుకు చేశాను. అతను ఒక్క ముక్క కూడా అడ్డు ప్రశ్న వేయకుండా, "నేను స్టేషనుకు చేస్తా అన్నా, నువ్వు ఊరోళ్లను పట్టుకో," అని పెట్టేశాడు. ఎమ్మిగనూరు నుంచి జీపు బయల్దేరినా ఆ మట్టిదారిలో చేరేసరికి చీకటి పడుతుంది.

కొత్తూరి వరుస చూశాను. పచ్చగా ఉంది. మైకు మోగింది, ఫోను ఎత్తారు. ఆ నంబరు ఆ అమ్మాయి నాన్నది. దానికే చేశాను. చాలాసేపు మోగింది.

"ఎవురు?" ముసలి గొంతు.

"ఆదోని ఆఫీసు నుంచి అవ్వా. మీ మనవరాలి సారును."

"ఆ తూగు సారా?"

"ఆ సారునే. ఇంట్లో మగవాళ్లెవరైనా ఉన్నారా?"

"ఎవురుంటారు నాయనా. ఊరు ఊరంతా పీర్లెంబడి పాత ఊరికి పోయినారు. మా వోడు ఫోను ఈడే మరిసిపోయినాడు. నడవల్యాక నేనొక్కదాన్నే ఉండా. ఇందాక గూడా ఇట్లనే మోగితే ఎత్తినా. ఏరొస్తాందని ఎవురో సెప్పినారు. మైకు గూడా అరిసి అరిసి ఊరకుండింది. నాకు సెప్తే ఏమొస్తాది సెప్పు?"

కబురు అందింది. ఊరు మొత్తానికీ కలిపి, నడవలేని ఆ ఒక్క ముసలమ్మకు అందింది. మనుషులున్న ఊళ్లో మనుషులు లేరు. లేరని రాసిపెట్టిన ఊళ్లో అందరూ ఉన్నారు.

"అవ్వా, మైకు అక్కడిదాకా వినబడదా?"

"తప్పెట్ల మోతలో ఏం ఇనపడతాది?"

"టార్చి లైటు ఉందా? మిద్దె మీదికెక్కి ఊపగలవా? పోనీ ఇంటి ముందర లైటేదన్నా వెయ్యి."

"దీపమా!" ఆమె గొంతు మారిపోయింది. "ఈ పొద్దు ఈడ దీపం ఎలిగించగూడదు నాయనా. పాత సావిట్లో దీపం పెట్టి, పీర్లు ఏటికి పోయి తిరిగొచ్చేదాకా కొత్తూర్లో అగ్గిపుల్ల గియ్యగూడదు. లైట్లు గూడా ఎయ్యం. దీపం ఆడికి పోయింది గదా, ఈడుండగూడదు. పెద్దోళ్లు పెట్టిన కట్టు."

"వెలిగిస్తే?"

"ఊరికి అరిష్టం. ఆడ్నించి సూసినారంటే పరిగెత్తుకోనొచ్చి నన్ను సంపుతారు."

"కనబడుతుందా అక్కడికి?"

"మెరక మీదుండాం, ఎందుకు కనపడదూ..."

అని ఆగిపోయింది. ఆమె ఊపిరి మాత్రం ఫోనులో వినబడుతోంది. కింద వీధిలో మా పీర్ల తప్పెట్లు దూరమయ్యాయి.

"ఈ మెరక మీదికొచ్చిన కాడ్నించి ఈ కట్టు ఒక్క ఏడన్నా తప్పల్యా నాయనా," అంది చివరికి.

"నీ మనవరాలు అక్కడే ఉంది అవ్వా."

"నాకు తెల్దా? నువ్వు సెప్పల్యా?" అని కసిరింది. తర్వాత గొంతు తగ్గించి, "తప్పయితే నాకే కానీలే. బుడ్డిదీపం ఎవురికి కనపడుతుంది? దొడ్లో పత్తికట్టె కుప్ప ఉండాది. ఫోను ఈడ మంచం మీద పెడతాండా. పెట్టేయొద్దు."

పెట్టేయలేదు. ఒక పల్లెను నేను అలా చెవితో చూశాను. కర్ర నేల మీద తడుముతున్న చప్పుడు. ఏదో డబ్బా కింద పడ్డ చప్పుడు. తర్వాత ఏమీ లేదు. ఎంతసేపో తెలియదు. నడవలేని మనిషి దొడ్లోకి ఎలా పోయిందో, ఎక్కడైనా పడిపోయిందేమో అని ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాను. బయట ఆదోని ఆకాశం ఎర్రగా అయి, నెమ్మదిగా నల్లబడుతోంది. తెర మీద ఊళ్లన్నీ పచ్చగా, ప్రశాంతంగా ఉన్నాయి.

అప్పుడు చిటపటమని సన్నగా మొదలైంది. ఎండిన కట్టె అంటుకున్న చప్పుడు. అది పెరిగి పెరిగి ఫోను నిండిపోయింది. కుక్కలు మొరిగాయి. నేను దేవుణ్ని పెద్దగా తలుచుకునేవాణ్ని కాదు, ఆ రోజు పీర్లనే తలుచుకున్నాను. మీ కట్టు తెంచినందుకు కోపం తెచ్చుకుని పరిగెత్తుకు రండి స్వామీ అని.

వచ్చారు. ముందు ఎక్కడో కేకలు, తర్వాత అడుగులు, తర్వాత అరుపులు. "ఎవురే అగ్గి పెట్టింది! ఎవురింట్లో?" అని ఒక మగ గొంతు. "ముసిల్దానికి మతి పోయిందా!" అని ఇంకొకటి. అవ్వ గొంతు వాటన్నిటి మీదుగా వినిపించింది.

"నేనే పెట్టినా. తిట్టేది తరవాత తిట్టండి. ఏరొస్తాంది. ఎనక్కి తిరిగి సూడండి."

అడుగులు మళ్లీ వాకిట్లోకి పరిగెత్తాయి. కాసేపటికి ఎవరో ఫోను తీసుకున్నారు. ఆ అమ్మాయే, రొప్పుతోంది.

"సార్?"

"అందరూ వంక దాటినారా అమ్మా?"

"దాటినాం సార్. మంట సూసి ఎవురింట్లోనో కాలుతాందనుకోని పీర్లను భుజాన ఎత్తుకోని ఒకటే పరుగు. ఎనకొచ్చినోళ్లకు మోకాళ్లదాకా నీళ్లు తగిలినాయంట." ఆగి, "సార్, వంకలో నీళ్లు ఎదురెక్కుతాండాయి. మేం నడిసొచ్చిన దారి కనపడల్యా," అని ఏడ్చింది. ఆదోనిలో కుర్చీలో కూర్చుని నేనూ ఏడ్చాను. దాచడం ఎందుకు.

తెల్లారేసరికి పాత ఊరి సావిడి కూలిపోయింది. మట్టిగోడలు, ఎన్నాళ్లని నిలబడతాయి. జీపు వాళ్లు రాత్రంతా కొత్తూళ్లోనే ఉండి తెల్లారి వెళ్లారు. అవ్వ చేసిన పని మీద ఊరి పెద్దలు కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నారట. కట్టు తప్పినట్టా, కాదా? చివరికి ఎవరికో మంచి ఆలోచన వచ్చింది. పీర్ల పండుగలో నిప్పుల గుండం తొక్కే ఆనవాయితీ ఎలాగూ ఉంది కాబట్టి, ఆ పత్తికట్టె మంటను గుండం కిందనే లెక్క వేసుకున్నారు. ఒకరిద్దరు మాత్రం గొణుగుతూనే ఉన్నారు. వాళ్లకు అవ్వ ఏం చెప్పిందో నేను రాయలేను, పిల్లలు చదివేది కదా.

ఆ అమ్మాయి రెండు మూడు రోజుల తర్వాత ఆఫీసుకు వచ్చింది. మలీదు తెచ్చింది, ఎండిపోయి రాయిలా ఉంది, అయినా తిన్నాను. తెర మీద పాత ఊరి వరుస తెరిచి పెట్టుకుని కూర్చుంది. ఓనరు వచ్చి, పక్కన కుర్చీ లాక్కుని మెల్లగా అన్నాడు.

"ఇంక సావిడి గూడా ల్యా గదమ్మా. ఇప్పుడది నిజంగానే బేచిరాకు. ఆ ఊరిని మన దాంట్లోనించి తీసెయ్యి, పీడా పోతుంది."

"తియ్యను సార్," అంది. "సావిడి మళ్లీ కడతామంటాండారు మా వోళ్లు. కట్టకపోయినా పోతారు. మొండిగోడ మీదన్నా దీపం పెట్టొస్తారు."

ఓనరు తల ఊపి లేచి వెళ్లాడు. ఆమె నా వైపు తిరిగింది.

"సార్, ఒకటి సెప్తా నవ్వద్దు. ఆ పొద్దు సావిట్లో దీపం నేనే ఎలిగించినా. అవ్వ నా సేత ఎలిగించమనింది. వత్తి అంటుకుంటాన్నప్పుడు మన కోడు గుర్తుకొచ్చింది. ఈడ ఎవురూ ల్యారని నేనే రాసినా గదా, మరి నేనెవురు అనుకున్యా. నాకు నవ్వొచ్చింది సార్ అప్పుడు. ఆడ నిలబడుకోని నవ్వినా."

నాకు నవ్వు రాలేదు. ఆ సావిట్లో, ఆ దీపం ముందు, ఏరు వస్తుండగా నవ్వుతున్న ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు చల్లబడుతుంది.

ఆ రకం మీద నాకు కోపమేమీ లేదు. ఇప్పటికీ అది నాకు ఇష్టమే. అంకెల్లో అంకె కలిపేచోట, అక్షరాన్ని అక్షరంగా తిరిగిచ్చేచోట, జరగనిది జరగదని రాసుకోండి, అది నిజమే, అందంగానూ ఉంటుంది. మనుషుల దగ్గర మాత్రం, ఎవరుంటారని అడిగినచోటే ఎవరొస్తారని కూడా అడగండి. ఉండటం ఒకటే మనిషికి ఊరితో ఉన్న సంబంధం కాదు. వెళ్లిపోయిన చోటికి ఏడాదికోసారి పోయి దీపం పెట్టి వచ్చేవాళ్లను ఏ అరలో వేయాలో నాకు ఏ కంపెనీలోనూ ఎవరూ నేర్పలేదు.

ఆమె బేచిరాకు అనే రకాన్ని కోడులోంచి తీసేసింది. తీయగానే కంపైలరు నిద్ర లేచినట్టు అయింది. అన్నాళ్లూ ఈ దారిన ఎవరూ రారని నమ్మి ఊరుకున్న ప్రతి చోటా ఇప్పుడు ప్రశ్న వేయడం మొదలుపెట్టింది. ఇక్కడ మైకు లేకపోతే ఏం చేస్తావు? కబురు అందకపోతే ఎవరికి చెప్తావు? పొద్దుగూకేదాకా ఇద్దరం పక్కపక్కనే కూర్చుని ఒక్కో ప్రశ్నకూ జవాబు రాశాం. పండుగ రోజుల్లో కొత్తూరికి ఒక మనిషిని ముందే పంపేలా రాశాం. ఎరుపు వెలిగితే ఎవరు లేవాలో రాశాం. నేను ఒక్కసారి కూడా తూగలేదని ఆమె తర్వాత అందరికీ చెప్పిందట.

చివరికి ఒకటి మిగిలింది. పాత ఊరికి ఫోను ఎవరికి చేయాలి? అక్కడ నంబరు లేకపోతే కంపైలరు ఒప్పుకోదు. ఆమె వేళ్లు ఆగాయి. నేను కిటికీ వైపు చూశాను, ఆమె ఆలోచించుకోనీ అని. ఆ ఊళ్లో ఉండే మనిషి లేడు. కొత్తూళ్లో ఎవరి నంబరు ఇచ్చినా, వాళ్లు ఇంట్లో ఫోను మరిచిపోయి పీర్ల వెంట నడిచేవాళ్లే.

ఆమె తన నంబరు కొట్టింది.

"నువ్వు అక్కడ ఉండవు కదమ్మా," అన్నాను.

"ఉండను సార్. పండగ నాడు గూడా సిగ్నలందే మెరక దిగను," అంది. "నేను ఎత్తుతా. ఎత్తి, యాడున్నా పరిగెత్తుతా."

కంపైలరు ఇంకేమీ అడగలేదు.